బాబ్లీ గట్టున ఒక రోజు

బాబ్లీ పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ, ఆ ఊరు చూసినవాళ్ళు ఇంకా తక్కువ. "బాబ్లీ గేట్లు ఎత్తారు", "బాబ్లీ గేట్లు దించారు" అని ఏటా రెండుసార్లు పేపర్లో చదువుతాం. 2010 జూలైలో ఆ ప్రాజెక్టు చూస్తామని బయల్దేరిన చంద్రబాబు నాయుడుగారినీ, ఆయన పార్టీ శాసనసభ్యులనూ ధర్మాబాదులో అరెస్టు చేసినప్పుడు కొన్నాళ్ళపాటు టీవీల నిండా ఈ పేరే. అంతటి ఊరికి నేను వెళ్ళింది మాత్రం రెండు స్టీలు క్యారియర్లు, ఒక దుప్పటి, స్నానాల గది పక్కన పెట్టుకునే బరువు మిషను పట్టుకుని. పని ఏమిటంటారా? మావారికి కాపలా!

ముందు ఊరి సంగతి చెప్తాను. బాబ్లీ మహారాష్ట్రలో నాందేడు జిల్లా, ధర్మాబాదు తాలూకాలో గోదావరి ఒడ్డున ఉన్న పల్లె. ఇక్కణ్ణించి నది దిగువకి వెళ్తే కందకుర్తి దగ్గర మంజీర వచ్చి కలుస్తుంది, ఆ తర్వాత బాసర. అంటే మన చదువుల తల్లి గుడికి ఇది పొరుగూరే. అసలు 1956 దాకా ఇదంతా హైదరాబాదు రాష్ట్రమే. ముధోల్, భైంసా ప్రాంతాలు కూడా అప్పట్లో నాందేడు జిల్లాలోనివే. రాష్ట్రాల పునర్విభజనలో అవి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చాయి, మిగతా నాందేడు బొంబాయి రాష్ట్రానికి వెళ్ళింది. గీత గీసింది కాగితం మీద. ధర్మాబాదు బజారులో మిరపకాయల బస్తాల మధ్య నిలబడితే ఈ చెవిన మరాఠీ, ఆ చెవిన తెలుగు. బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది.

బాబ్లీలో ఉన్నది పెద్ద డ్యాము కాదు, పద్నాలుగు గేట్ల బ్యారేజి. ఊళ్ళోవాళ్ళు "బంధారా" అంటారు. నిలవ ఉండేది 2.74 టి.ఎం.సి.ల నీరు. దిగువనున్న మన శ్రీరామసాగరానికి నీళ్ళు రావేమోనని 2006లో ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. దాని ప్రకారం ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, వరదకి అడ్డు పెట్టకూడదు. ఆ తర్వాత దించుకోవచ్చు. మళ్ళీ మార్చి 1న 0.6 టి.ఎం.సి.లు కిందికి వదలాలి. చూడడానికి ముగ్గురు సభ్యుల పర్యవేక్షక సంఘం.

ఈ తేదీలన్నీ నాకు కంఠతా రావడానికి కారణం మావారి స్నేహబృందం. యాభై దాటిన ఏడుగురు పెద్దమనుషులు, పిల్లలు చేతికి అందొచ్చాక తీరిక దొరికింది. టీవీలో సాహస పందేలు చూసి, "మనమూ ఒకటి పెట్టుకుందాం" అనుకున్నారు. బహుమతి లేదు, ప్రకటన లేదు, పేరు కూడా లేదు. నాందేడు నుంచి చుట్టుదారిన బాబ్లీకి నూరు కిలోమీటర్లు సైకిలు. గేట్లు దించాక నిలిచిన నీళ్ళలో, గేట్లకి బాగా దూరంగా ఎగువన, బెస్తవారి పడవ తోడుగా పన్నెండు కిలోమీటర్లు తెడ్లు వెయ్యడం. ఆపైన చేల గట్ల మీదుగా, ధర్మాబాదు గుండా బాసరకి నలభై రెండు కిలోమీటర్ల పరుగు. తెల్లారగట్ల అయిదింటికి మొదలు, రాత్రి పదకొండుకి ముగింపు. అక్టోబరు 28 దాటితేనే పడవకి నీళ్ళు కనుక, 2022 నవంబరు చివర్లో ఒక ఆదివారం ముహూర్తం పెట్టుకున్నారు. అడగవలసినవాళ్ళని అడిగి అనుమతులూ తెచ్చుకున్నారు.

ఒక్కొక్కరికి ఒక తోడు మనిషి ఉండాలన్నది వాళ్ళ నియమం. బాబ్లీలో, ధర్మాబాదులో తప్ప మధ్యలో ఎక్కడా చెయ్యి అందించకూడదు. దూరపు సైకిలు యాత్రల్లోనూ ఇదే పద్ధతిట, సాయమంతా నిర్ణయించిన మజిలీల దగ్గరే. తోడు మనిషిగా మావారు నన్ను ఎంచుకున్నారు. నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. "మీరు ఆగాలా వద్దా అనేది నేను చెప్తాను. ఆ మాటకి ఎదురు ఉండకూడదు." ఆయన నవ్వి ఒప్పుకున్నారు. బయల్దేరేముందు అందరూ దేనికైనా ఒప్పుకుంటారు!

తోడుగా వెళ్ళడమంటే చప్పట్లు కొట్టడమని చాలామంది అనుకుంటారు. 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవుల్లో మొట్టమొదటి ఐరన్‌మ్యాన్ పోటీ జరిగింది. ఈత, సైకిలు, పరుగు, అన్నీ ఒకే రోజున. బయల్దేరింది పదిహేనుమంది, చివరిదాకా వెళ్ళింది పన్నెండుమంది. ఎవరి తోడు వాళ్ళే తెచ్చుకోవాలి. జాన్ డన్‌బార్ అనే ఆయన చాలాసేపు ముందున్నాడట. ఆయన వెంట ఉన్నవాళ్ళ దగ్గర మంచినీళ్ళు అయిపోయి, చేతికి బీరు అందించారట! ఆయన రెండో స్థానంలో వచ్చాడు, గార్డన్ హాలర్ గెలిచాడు. ఆ కథ విన్నాక నేను చెయ్యగలిగిన పని ఏమిటో నాకు అర్థమైంది. ఎవరికి, ఎప్పుడు, ఏది, ఎంత అన్నది చూసుకోవడం. ఇల్లాళ్ళకి కొత్త విద్యేం కాదుగా!

మా కుటుంబ వైద్యుణ్ణి అడిగితే ఒక్క విషయం గట్టిగా చెప్పారు. గంటల తరబడి చెమటోడ్చేవాళ్ళకి నీళ్ళు తక్కువైనా ప్రమాదమే, ఉత్త నీళ్ళు ఎక్కువైనా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందిని పరీక్షిస్తే నూటికి పదమూడుగురిలో ఈ లోపం కనబడిందట. వేళ్ళు ఉబ్బడం, వాంతి, మాట తడబడటం, దీని లక్షణాలు. అన్నిటికన్నా తేలికైన గుర్తు ఇంకొకటి ఉంది. పరుగెత్తినవాడు బరువు తగ్గాలి గాని పెరగకూడదు. అమెరికాలో వెస్టర్న్ స్టేట్స్ అనే నూరు మైళ్ళ పరుగులో చాలా ఏళ్ళపాటు దారిలో ఆపి తూచి పంపేవారు. అందుకే నా సామాన్లలో ఆ మిషను.

నాందేడులో సచ్‌ఖండ్ గురుద్వారా దీపాలు వెలుగుతుండగా ఏడుగురూ బయల్దేరారు. మావారి బరువు 71.5 కిలోలు. మేం తోడువాళ్ళం జీపెక్కి ముద్ఖేడ్, ఉమ్రీ మీదుగా వచ్చాం. దారికి ఇరువైపులా పత్తి పగిలి తెల్లగా, కంది పూత మీద పచ్చగా ఉంది. బాబ్లీ చేరేసరికి నీళ్ళమీద మంచు ఇంకా విడలేదు. గేట్ల పైవైపు నిండు గోదావరి, కదలకుండా గచ్చులా ఉంది. కిందివైపు రాళ్ళూ, ఇసకా, అక్కడక్కడా మడుగులూ, వాటిలో కొంగలూ. ఒకే నది ఒక్క గోడకి అటూ ఇటూ అంత వేరుగా ఉంటుందని పేపరు చదివితే తెలియదు.

గట్టు మీద చాయ్ కాచే ఒకావిడ పక్కన నా మిషను పెట్టాను. పది నిమిషాల్లో ఊళ్ళో పిల్లలంతా వరసగా ఎక్కి తూచుకున్నారు. ఒక మేకపిల్లని కూడా తూచారు. ఆవిడ నన్ను పరీక్షగా చూసి అడిగింది.

"ఏమక్కా, గీ వయసుల గింత కష్టమెందుకు? ఎవలన్న పైసలిస్తరా?"

"ఇవ్వరమ్మా, మేమే పెట్టుకున్నాం."

"మరి మొక్కున్నదా?"

"మొక్కూ లేదు."

ఆవిడ కాసేపు ఆలోచించి, "మా ఆయన ఏడాదికోపారి పంఢరిపురం నడ్సుకుంట పోతడు. గన్ని దినాలు ఎడ్లను, పొలాన్ని నేనే సూస్త. పుణ్యం చెరి సగం" అంది. తోడు మనిషి గురించి అంతకన్నా చక్కగా ఎవరూ చెప్పలేదు నాకు.

మావారు పదింటికి వచ్చారు. జొన్నరొట్టె, ఉప్పు వేసి ఉడికించిన బంగాళాదుంపలు, చిటికెడు ఉప్పెక్కువ వేసిన పెరుగన్నం పెట్టాను. బరువు 70.2. బాగానే ఉంది. పడవలోంచి ఒంటిగంటన్నరకి దిగినప్పుడు చేతులు వణుకుతున్నాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. మేం ముందే అనుకున్న ప్రశ్న అడిగాను. "పెద్దదాని పుట్టినరోజు ఎప్పుడు?" "నీకు తెలియకపోతే మీ అమ్మని అడుగు!" అన్నారు చిరాగ్గా. నాకు ప్రాణం లేచొచ్చింది. ముప్ఫై ఏళ్ళ కాపరంలో ఆ చిరాకు నాకు చిరపరిచితం. అది ఉన్నంతసేపూ మనిషి క్షేమం. లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన సీసాలు రెండు నడుముకి కట్టి పంపాను.

ధర్మాబాదు మజిలీ ఇరవై ఏడో కిలోమీటరు దగ్గర. నవంబరు కదా, ఆరింటికే చీకటి. బజారులో దీపాల కింద మిరప ఘాటుకి తుమ్ముకుంటూ నిలబడ్డాను. ఏడున్నరకి వచ్చారు. నవ్వుతూ వచ్చారు. అదే నాకు తేడాగా తోచింది. "నొప్పులా?" అంటే "సరే" అన్నారు. "అన్నం?" "సరే." "పెద్దదాని పుట్టినరోజు?" "సరే, సరే." దారిపొడుగునా ప్రతి ఊళ్ళోనూ పిల్లలు బోరింగు కొట్టి చెంబుల్తో నీళ్ళిచ్చారట, వద్దనలేక అన్నిచోట్లా తాగారట. చెయ్యి పట్టుకున్నాను. ఉంగరం వేల్లోకి దిగబడిపోయింది. మిషను మీద నిలబెట్టాను. 72.8. పొద్దుటికన్నా కిలో పైన ఎక్కువ.

బాసర ఇంకా పదిహేను కిలోమీటర్లు. మిగిలినవాళ్ళలో ఇద్దరు అప్పటికే ముందుకు వెళ్ళిపోయారు. "ఇంత దూరం వచ్చాక కాస్త కూచుని వెళ్ళనివ్వండి వదినా" అన్నారు ఒక మిత్రుడు. వాళ్ళ మాటా న్యాయమే. ఆర్నెల్లుగా తెల్లవారుజామున ఆయన బూట్ల చప్పుడు వింటూ లేచినదాన్ని నేనే. ఆ పదిహేను కిలోమీటర్ల విలువ నాకు తెలియనిది కాదు. అయినా, "ఇక్కడికి చాలు" అన్నాను. ఆయన మొహంలోంచి నవ్వు పోయింది. నాకేసి చూడలేదు, ఎదురూ చెప్పలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు.

చుక్క నీళ్ళు ఇవ్వకుండా జీపులో నిజామాబాదు తీసుకెళ్ళాం. దారిలో వాంతి చేసుకున్నారు. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే సోడియం 128 ఉంది. 135కి తగ్గకూడదు. రాత్రంతా ఉంచుకుని, ఉప్పు ఎక్కించి చూశారు. తెల్లవారుజామున కళ్ళు తెరిచి ఆయన అన్న మొదటిమాట, "ఆ పక్క మంచం ఆయన గురక ఏమిటి, నిద్రపట్టనివ్వడు!" నేను నర్సుగారితో, "ఇంక ఫరవాలేదండీ" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం నిజామాబాదులో రైలెక్కి బాసరలో దిగాం. గోదావరిలో కాళ్ళు కడుక్కుని అమ్మవారి దర్శనం చేసుకున్నాం. మంటపంలో పలకలు పట్టుకున్న పసివాళ్ళు, వాళ్ళ వేళ్ళు పట్టి దిద్దిస్తున్న తండ్రులు. మా పిల్లలిద్దరి అక్షరాభ్యాసమూ ఇక్కడే. మెట్ల మీద కూర్చున్నాక ఆయన, "ఆ పదిహేనూ మిగిలిపోయాయి" అన్నారు. మరి కాసేపాగి, "నేనైతే నిన్ను ఆపగలిగేవాణ్ణా?" అని అడిగారు. నేను ప్రసాదం పొట్లం విప్పి చేతిలో పెట్టాను.

మన పాఠకుల్లో ఈ మధ్య పరుగులకీ, సైకిలు యాత్రలకీ వెళ్ళేవాళ్ళు చాలామందే ఉన్నారు. తోడు వెళ్ళే శ్రీమతులకీ, శ్రీవార్లకీ ఒక మాట. షరతు బయల్దేరకముందే పెట్టుకోండి, అలసిపోయిన మనిషితో ఒప్పందాలు కుదరవు. బరువు మిషను తప్పక తీసుకెళ్ళండి. మీవారి చిరాకు మీకు ఎంత బాగా తెలిస్తే అంత మంచిది.

బాబ్లీ చూడాలనుకునేవారు సికింద్రాబాదు–మన్మాడ్ రైలుమార్గంలో ధర్మాబాదులో దిగి, అక్కణ్ణించి ఆటోలో వెళ్ళవచ్చు. ఆగస్టులో వెళ్తే ఎత్తిన గేట్ల కింద పరిగెత్తే వరద చూస్తారు, నవంబరులో వెళ్తే నిలిచిన నీళ్ళు చూస్తారు. గట్టు మీద చాయ్ ఆవిడ కనిపిస్తే తెలుగులోనే పలకరించండి. బరువు మిషను ఆవిడ దగ్గరే వదిలేసి వచ్చాను. పిల్లలు బాగా ముచ్చటపడ్డారు మరి.