పెట్రోలులో చెఱకుసారము

చెఱకు గానుగనుండి బెల్లము వచ్చుట పూర్వులెఱిగినదే. అదే చెఱకు మోటారు బండిని నడపునని వారు కలనైనను తలంపలేదు. చక్కెర మిల్లులో మిగిలిన మడ్డిని పులియబెట్టి, ఆవిరిగా మార్చి చల్లార్పగా వచ్చు మద్యసారమే ఇథనాలు. నేడు దానిని మొక్కజొన్నలనుండియు, నూకలనుండియు గూడ తీయుచున్నారు. భారతదేశమున 2003లో కొన్ని రాష్ట్రములందు నూటికి 5 పాళ్లుగా ఆరంభమైన యీ మిశ్రమము 2022 నాటికి 10, 2025 నాటికి 20 పాళ్లయినది. విదేశీ చమురు దిగుమతి తగ్గుట, రైతునకు రాబడి పెరుగుట దీని యుద్దేశములు. అవి మంచివే. అయినను దీనివలన కారు ఇంజను చెడునా యను ప్రశ్న బంకు ముందు నిలిచిన ప్రతివానిని వేధించుచున్నది.

ఇథనాలునకు నీటిపై మక్కువ మెండు. పెట్రోలు నీటిని దరిజేరనీయదు; ఇథనాలు గాలిలోని చెమ్మను సయితము పీల్చుకొనును. దినమును తిరుగు బండిలో ఆ కొలది చెమ్మ ఇంధనముతోపాటే పోవును. నెలల తరబడి కదలక నిలిచిన బండి సంగతి వేఱు. చెమ్మ హద్దు మీఱినచో ఇథనాలు నీటిని వెంటబెట్టుకొని, పెట్రోలును వీడి టాంకీ యడుగునకు దిగును. ఇంజను మొదట త్రాగునది ఆ యడుగుదియే. అప్పుడు ఇనుము త్రుప్పు పట్టును, ఇంజను మొరాయించును.

పాతకాలపు రబ్బరు గొట్టములును, వాషర్లును దీని తాకిడికి ఉబ్బి, పిదప పగులును. వాని వెల స్వల్పమే. కాని వేడి ఇంజను ప్రక్కన పెట్రోలు కారుట స్వల్పవిషయము కాదు. మఱియు ఇథనాలు టాంకీలో ఏండ్లతరబడి పేరుకొన్న మడ్డిని కరగించి తెచ్చి ఫిల్టరును మూసివేయును. ఇంజనే పోయినదని గగ్గోలు పెట్టినవానికి ఒక్కొక్కప్పుడు మార్చవలసినది ఆ ఫిల్టరొక్కటే!

మైలేజీ తగ్గుట మాత్రము తప్పదు. లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులు మాత్రమే. పాత కార్లలో మైలేజీ నూటికి 6 లేక 7 పాళ్లు తగ్గునని 2021లో నీతి ఆయోగ్ నివేదికయే తెలిపినది. అనగా లీటరుకు 15 కిలోమీటర్లు నడిచెడి కారు 14 నడుచును. అప్పుచేసి పాత కారు కొని, దినమునకు 150 కిలోమీటర్లు బాడుగకు తిరుగు డ్రైవరునకు 10 లీటర్లు చాలుచోట 10.7 లీటర్లు కావలసివచ్చును. ఆ ముప్పాతిక లీటరు వాని పిల్లల పాలఖర్చు.

బ్రెజిలును చూడుడని కొందఱందురు. అచ్చట 1975నుండియే ఈ యత్నము సాగినది; 2025లో మిశ్రమము 30 పాళ్లకు చేరినది. నిజమే, కాని అచ్చటి కార్లను ఆ యింధనమునకు తగినట్లు నిర్మించిరి. ఇథనాలునకు ఆక్టేను సంఖ్య హెచ్చు గనుక తగిన ఇంజనులో అది గుణమే యగును. భారతదేశమున 20 పాళ్లకు తట్టుకొను వాహనములు 2023 ఏప్రిలునుండి వచ్చుచున్నవి. అంతకు ముందటివి కోట్లకొలది కలవు. వానికొఱకు ఇథనాలు కలపని పెట్రోలును గూడ అమ్మవలెనని వేసిన వ్యాజ్యమును 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. పాత బండి గల బీదవాని కోరిక అంత యన్యాయమైనదిగా తోచదు.

ఇప్పటికి వాడు వానకాలమున టాంకీని నిండుగా నుంచుచున్నాడు. బండిని నెలలకొలది నిలుపక తిప్పుచున్నాడు. సర్వీసుకిచ్చినప్పుడు రబ్బరు గొట్టములను చూడుమని మెకానిక్కునకు మఱిమఱి చెప్పుచున్నాడు.