పచ్చ నీళ్ళు

మా ఇంట్లో ఒక అక్వేరియం ఉంది. రెండడుగుల గాజు తొట్టి, ఆరు గోల్డ్‌ఫిష్‌లు. సారీ, ఇప్పుడు నాలుగే. మిగతా రెండూ ఎలా పోయాయో చెప్పడానికే ఇదంతా.

ఆ తొట్టి తాడేపల్లిగూడెంలో మా బావ వాళ్ళది. ఇల్లు మారుతూ చేపలతో సహా మాకిచ్చేశారు. అక్కడ హాల్లో ఓ మూల మూడేళ్ళున్నా నీళ్ళు అద్దంలా ఉండేవి. ఏలూరు తెచ్చి కిటికీ పక్కన పెట్టిన మూడు వారాలకే గోరింటాకు రుబ్బి కలిపినట్టు అయిపోయాయి. చేపలు గాజు దగ్గరకొస్తే తప్ప కనపడవు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, మాకు తెలిసిన మొదటి వైద్యం రీస్టార్ట్. ఓ ఆదివారం నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళూ ఫిల్టరు స్పాంజీ కుళాయి కింద తోమి తోమి కడిగి, కొత్త నీళ్ళు పట్టి చేపల్ని వదిలేశా. సాయంత్రానికి భలే మెరిసిపోయింది. గురువారానికి రెండు చేపలు తేలాయి.

"నువ్వు కడిగావు కాబట్టే చచ్చిపోయాయి నాన్నా" అంది మా అమ్మాయి. దానికి ఏడేళ్ళు. "కాదమ్మా, వాటికేదో జబ్బు" అని సర్దిచెప్పా. పై వారానికి నీళ్ళు మళ్ళీ పచ్చ!

సరిగ్గా అప్పుడే కైకలూరు నుంచి మా బాబాయ్ వచ్చాడు. ఎన్నో ఏళ్ళుగా చెరువుల్లో బొచ్చె, శీలావతి పెంచుతున్న మనిషి. తొట్టి చూసి మురిసిపోయాడు.

"ఏరా, నీళ్ళు భలే రంగు తిరిగాయే! దీనికోసం మేం పేడా, సూపర్‌ఫాస్ఫేటూ వేసి ఎదురుచూస్తాం. నువ్వు ఊరికే తెప్పించేశావ్!"

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆ పచ్చదనం నీళ్ళలో తేలే నాచు, ఒక్కో కణం విడిగా కంటికి ఆనదు. చెరువులో దాన్ని తిని సూక్ష్మమైన పురుగులు పెరుగుతాయి, వాటిని బొచ్చె తింటుంది. మోచేతి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి లీలగా కనపడాలట. అంతకుముందే మాయమైతే రంగు ముదిరినట్టు. పగలు ప్రాణవాయువు ఇచ్చే నాచే రాత్రి దాన్ని వాడేసుకుంటుంది. అందుకే తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే బాబాయ్‌కి గుండె జారిపోతుంది.

"మేత ఎవరేస్తారు?" అన్నాడు.

పొద్దున్నే అమ్మ, బడి నుంచి రాగానే మా అమ్మాయి, రాత్రి నేను. ఒకరు వేసినట్టు ఇంకొకరికి తెలీదు. లాక్ లేకుండా మూడు థ్రెడ్లు ఒకే వేరియబుల్లో రాసినట్టన్నమాట.

"తినంది కుళ్ళి ఎరువవుద్ది. ఎండ ఎలాగూ ఇచ్చావ్. ఇంక పంట పండక ఏవవుద్ది?"

అప్పుడు కూర్చుని చదివా. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియాని విషం కాకుండా మార్చే బ్యాక్టీరియా కాపురం ఉండేది ఆ స్పాంజిలోనూ గులకరాళ్ళ మీదా. క్లోరిన్ నీళ్ళతో నేను తోమి పారేసింది దాన్నే. అంటే నాచు ఎవర్నీ చంపలేదు. చంపింది నా శుభ్రతే.

ఇక అసలు రిపేరు. తొట్టిని కిటికీకి దూరంగా జరిపాం. మేత రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. నాలుగు రోజులు దుప్పటి కప్పాం, గాలి పంపు మాత్రం ఆపలేదు. తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్ళే మార్చడం, అదీ బకెట్లో ఒక రోజు నిలవుంచి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండడం. నెల తిరిగేసరికి మళ్ళీ అద్దం. దీనికి యూవీ లైట్లు కూడా అమ్ముతారు. అవి నాచుని చంపుతాయి గానీ మనం అతిగా వేసే మేతని ఆపవుగా!

మొన్న బాబాయ్‌ని దింపడానికి కైకలూరు వెళ్తుంటే దారిలో కొల్లేరు, కనుచూపు మేరా గుర్రపుడెక్క. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చెరువు గట్లు తెంచారు. చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. బుడమేరూ, తమ్మిలేరూ, ఊళ్ళ మురుగూ, పొలాల ఎరువూ, చెరువుల నీళ్ళూ అన్నీ అందులోకే. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరొక్కటే. వచ్చేది తగ్గించకుండా డెక్క మాత్రం పీకితే, నేను ఆదివారం చేసిన పనే కదా?

అదే బాబాయ్‌తో అన్నా. పట్టుబడి రోజున ఆయన చెరువు నీళ్ళు కూడా అటే పోతాయి మరి. కాసేపు మాట్లాడలేదు.

"మేత తగ్గిస్తే చేప తగ్గుద్దిరా. అప్పు తగ్గదుగా" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. తొట్టి నాకు సరదా, చెరువు ఆయనకి బతుకు. దుప్పటి కప్పితే తీరే సమస్య కాదది.

ఇంటికొచ్చి మా అమ్మాయికి మాత్రం నిజం చెప్పేశా, "నువ్వన్నదే కరెక్టు, నేను కడగడం వల్లే పోయాయి" అని. మేత డబ్బా లాగేసుకుంది. ఇప్పుడు రోజుకో చిటికెడు తనే వేస్తోంది. నా చేతికి ఇవ్వట్లేదు.