ఉట్నూరు మోదుగ విస్తరి

డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగన్ నగరమున 1790వ సంవత్సరమున ఒక విందుపాత్రల వరుసను చేయ నారంభించిరి. 'ఫ్లోరా డానికా' యను వృక్షశాస్త్ర గ్రంథములోని పటములను చూచి, పింగాణి పళ్లెములపై ఒక్కొక్క మొక్కను ఆకు, పూవు, కాయలతో చిత్రించుట అందలి విశేషము. అధికభాగము బేయరు అను చిత్రకారుని చేతి పనియే. పండ్రెండేండ్లకు పని నిలిపివేయునప్పటికి 1802 పాత్రలు సిద్ధమైనవి. పళ్లెము వెనుక ఆ మొక్క పేరు లాటిను భాషలో వ్రాసియుండును. అట్టి పళ్లెములో పప్పుపులుసు కలుపుకొనుటకు ఎవరికి చేయి వచ్చును? మా యింట నున్న ఆరు పూలపళ్లెములే ఇంతవరకు అద్దాల బీరువా గడప దాటి యెరుగవు.

ఈ పళ్లెముల మాట మాకు ఉట్నూరులో జ్ఞప్తికి వచ్చినది.

ఆదిలాబాదు నుండి గుడిహత్నూరు, ఇంద్రవెల్లి మీదుగా మేము ఉట్నూరు చేరితిమి. ఫాల్గుణ మాసమగుటచే త్రోవపొడవునను మోదుగలు నిప్పుకణికలవలె పూచియున్నవి. గోండుల గూడెములలో ఈ పూలను నీట మరగించి హోళికి రంగు తీయుదురు. ఒక గూడెమున వేపచెట్టు నీడను ఒక వృద్ధురాలు విస్తళ్లు కుట్టుచుండెను. చెట్లపై ఆకు లేని దినములలో ఆకు ఎక్కడిదని అడిగితిమి.

"మోదుగకు ఆకున్ననాడు పువ్వుండదు, పువ్వున్ననాడు ఆకుండదు బిడ్డా. ఇది ముందుగల్ల ఏరి ఆరబెట్టి పెట్టిన ఆకు" అని ఆమె చెప్పెను.

ఎండిన ఆకుపై నీరు చిలుకరించి మెత్తబరచి, వెదురు పుల్లను గోటితో సన్నగ చీల్చి, అంచుపై అంచు వచ్చునట్లు చుట్టును కుట్టుచు పోవును. పుల్ల కొన పైకి పొడుచుకొని వచ్చినచో వ్రేలికి గ్రుచ్చుకొనును గనుక, ప్రతి కుట్టును తడవి చూచుకొనును. మేము ఒకటి కుట్టబోయి రెండాకులు చింపితిమి.

ఈ మోదుగకును చిత్రపటమున్నది. తూర్పున సామర్లకోటలో నుండిన రాక్స్‌బరో అను వైద్యుడు మన దేశపు చిత్రకారులచేత కోరమండలతీరపు మొక్కలను వ్రాయించెను. ఆ గ్రంథము 1795లో వెలువడనారంభించినది. అందు మోదుగయు చేరినది. కోపెన్‌హేగనులో బేయరు పళ్లెములపై కుంచె నడపుచున్న దినములే యవి!

ఈ సీమలో పాత్రకును పండుగకును గల పొత్తు గట్టిది. ఇంద్రవెల్లి చెంతనున్న కేస్లాపురమున పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగును. దానికి సిరికొండ కుమ్మరులు క్రొత్త కుండలు చేసి యిత్తురు. మెస్రం వంశపు స్త్రీలు వానితో నీరు తెత్తురు. క్రొత్త కోడండ్రను దేవునికి పరిచయముచేయు 'భేటింగ్' ఆ రాత్రియే. 

విస్తళ్లు అమ్ముడుపోవుచున్నవా యని అడిగినంతనే అవ్వ ముఖము చిన్నవోయినది. "పెండ్లిండ్లకు ఇప్పుడు కాయితపు ప్లేట్లే తెస్తున్నరు. వాటి మీద పూలబొమ్మలుంటయి. మా ఆకుకు బొమ్మ లేదు గద!" ఆమె కోడలు ఆ ప్లేటొకటి తెచ్చి చూపినది. అంచున ఎఱ్ఱని గులాబీలు, పైన పలుచని ప్లాస్టిక్ పొర. దానిని ఆవు తినరాదు, మన్ను తినదు. ఏటేట కుట్టు తగ్గించుచున్నామనియు, తన కూతురికి ఈ పని నేర్పలేదనియు కోడలు చెప్పినది. తప్పుపట్టుటకు మాకు నోరాడలేదు. క్రిందటి యేడు మా యింటి వ్రతమునకు వచ్చినవియు గులాబీల ప్లేట్లే.

నలువది విస్తళ్ల కట్టను కొంటిమి. అవ్వ మరి రెండు కొసరు వేసినది. ఉగాదినాడు బంధువులందఱు వానిలోనే భుజించిరి. పులుసు ఒక్క చుక్క కాఱలేదు. ఎంగిలాకులు వీధిలోని ఆవు తినిపోయినది. కొసరు రెండింటిని పింగాణి పళ్లెములపై బీరువాలో దాచితిమి, కుట్టు చూచి నేర్చుకొందమని.