నా థీసిసూ, బాబాయి చెరువూ

ఉద్యోగం చేస్తూ ఎం.టెక్. చదివినవాళ్ళు మీలో చాలామందే ఉండి ఉంటారు. బిట్స్ పిలానీ వాళ్ళ విల్ప్ (పూర్తి పేరు వర్క్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్ ప్రోగ్రామ్స్ లెండి) గురించి హైదరాబాదులో ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంటీన్లో అడిగినా ఇద్దరు ముగ్గురైనా చెయ్యెత్తుతారు. శని ఆదివారాలు క్లాసులు, ఆ తర్వాత పరీక్షలు, ఆఖరి సెమిస్టరు డిసర్టేషన్. అది మన ఆఫీసు పని మీదే చెయ్యాలి, గైడు కూడా మన ఆఫీసు మనిషే. చేరేటప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఎలాగూ చేస్తున్న పనేగా, నాలుగు చాప్టర్లు రాసి ముందో అట్టా వెనకో అట్టా వేస్తే అయిపోతుందనుకున్నాను.

అవ్వలేదు. ఎందుకవ్వలేదో చెప్పాలంటే చేపల చెరువుల దగ్గర మొదలెట్టాలి.

మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా. కాగితాల మీద ఏ జిల్లా అయితేనేం, సినిమాకైనా ఆస్పత్రికైనా మాకు చిన్నప్పట్నించీ ఏలూరే. కొల్లేరుని 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం చేశారు, 2006లో ఆ కాంటూరు లోపల ఉన్న చెరువుల గట్లు తెగ్గొట్టారు. మాది కాంటూరు బయట జిరాయితీ భూమి కాబట్టి మిగిలింది. తాతగారి రోజుల్లో వరిచేను, ఇప్పుడు చేపల చెరువు. బొచ్చె, శీలావతి పెంచుతారు. దాని పక్కదే మా బాబాయి చెరువు.

చేపల చెరువు తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. చెరువులో పచ్చగా కనపడే నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. చేపలూ పీల్చుకుంటాయి. అందుకని తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. పగలంతా మబ్బు పట్టి ఉంటే ఇక చెప్పక్కర్లేదు, నాలుగింటికల్లా చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఇంజను వేసి నీళ్ళు తిరగ్గొట్టాలి. గంట ఆలస్యమైతే ఏడాది కష్టం గట్టుకి కొట్టుకొస్తుంది. మా నాన్న ముప్ఫై ఏళ్ళుగా మబ్బు రాత్రుళ్ళు టార్చిలైటు పట్టుకుని గట్టు మీదే ఉంటారు.

మా కంపెనీ అమ్మేది సరిగ్గా ఆ టార్చిలైటుకి బదులు. చెరువులో ఒక సెన్సరు, గట్టు మీద ఒక పెట్టె, రైతు ఫోనులో ఒక యాప్. సాయంత్రం దాకా వచ్చిన రీడింగులు చూసి "ఈ రాత్రి ప్రమాదం ఉందా లేదా" అని చెప్పే మోడల్ రాసింది నేనే. 2020 లాక్‌డౌన్లో ఇంటికొచ్చేసి, మేడ మీద గదిలో కూర్చుని రాశాను. నాన్న కొనలేదు. బాబాయి మాత్రం "మన అబ్బాయి చేసింది కదా" అని పెట్టించుకున్నారు.

2021 ఆగస్టులో నా డిసర్టేషన్ మొదలైంది. మోడల్ అప్పటికే నడుస్తోంది, అక్యురసీ తొంభై దాటింది. అవుట్‌లైన్ పంపాను, ఒప్పుకున్నారు. సెప్టెంబరు ఆఖర్లో గులాబ్ తుపాను వచ్చింది. అది కళింగపట్నం దగ్గర తీరం దాటింది, మాకు పెద్ద గాలులేం లేవు గానీ మబ్బు కమ్మేసి ముసురు పట్టింది. ఆ రాత్రి నాన్న గట్టు మీదే ఉన్నారు. బాబాయి ఫోను తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నారు. ఫోను మోగలేదు. నాన్న కేక వేసి లేపేటప్పటికే ఆలస్యమైంది. తెల్లారేసరికి గట్టు పొడుగునా తెల్లగా చేపలు. సగం సరుకు దాకా పోయింది.

బాబాయి నన్నేమీ అనలేదు. "ఏరా, కరెంటు పోయినందుకేమోరా" అన్నారు, నాకే సర్దిచెప్తున్నట్టు. తిట్టినా బాగుండేది.

ఆఫీసులో డాష్‌బోర్డు చూస్తే ఆ నెల కూడా అక్యురసీ తొంభై పైనే ఉంది. ఇదెలాగో నాకు అర్థం కాలేదు. మన ఉద్యోగాల్లో అర్థం కానివి చాలా ఉంటాయి, టికెట్ మూసేస్తే అయిపోతుంది. కానీ థీసిస్‌లో ఆ చాప్టరు రాయాలి కదా.

గూడెంలో (మాకు గూడెం అంటే తాడేపల్లిగూడెమే) నిట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న పాత స్నేహితుడొకడున్నాడు. ఓ ఆదివారం బండేసుకుని ఏలూరు మీదుగా దెందులూరు, భీమడోలు, కైకరం దాటి వాడి దగ్గరికి పోయాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఇంకా ఉన్న ఊరది, చిన్నప్పుడు ఉల్లిపాయల లారీలు తప్ప ఇంకేం గుర్తులేదు. వాడు డ్రాఫ్టంతా తిరగేసి, మొదట అడిగింది "వందలో ఐదు రాత్రులే ప్రమాదం అనుకో. రోజూ ఏం ఫర్వాలేదు అని చెప్పే ప్రోగ్రామ్ రాస్తే దాని అక్యురసీ ఎంత?" అని. తొంభై ఐదు. సిగ్గేసింది, ఇది ఫస్ట్ సెమిస్టరు పాఠం. తర్వాత వాడు తాపీగా "సర్లే, మీ బాబాయి చెరువు ఆ రాత్రి డేటా చూపించు" అన్నాడు.

లాప్‌టాప్ తెరిచి వెతికాను. ఆ రాత్రి లేదు. రీడింగు తక్కువా ఎక్కువా అని కాదు, అసలు ఆ రాత్రే టేబుల్లో లేదు.

ముసురు పట్టిన రాత్రి కరెంటు పోతుంది. గట్టు మీద పెట్టెకి బ్యాటరీ లేదు. టవర్ కూడా పడిపోతుంది. కాబట్టి ఆ రాత్రి రీడింగులు ఖాళీ. ఖాళీ ఉన్న వరసలన్నీ తీసెయ్యమని డేటా శుభ్రం చేసే చోట ఒక్క లైను ఉంది. రాసింది నేనే, ఏడాదిన్నర క్రితం, బహుశా టీ తాగుతూ. అందరూ రాసేదే, మీరూ రాసే ఉంటారు. ఆ ఒక్క లైనూ ప్రమాదం ఉన్న రాత్రుల్నే ఏరి ఏరి పారేసింది. మిగిలిన మంచి రాత్రుల మీద నేర్చుకున్న మోడల్‌కి చెడ్డ రాత్రంటే ఏమిటో తెలీదు. నడిపేటప్పుడూ అంతే, ఇన్‌పుట్ ఖాళీగా వస్తే నోరు మూసుకుని కూర్చుంటుంది. రైతేమో ఫోను మోగలేదు కాబట్టి అంతా బాగుందనుకుంటాడు.

ఆ తర్వాత రెండు నెలలు నేను చేసిందే నిజమైన థీసిస్ అనుకుంటాను. నాన్న పక్కన కూర్చుని ఏ రాత్రి మేలుకోవాలో ఎలా తెలుస్తుందని అడిగాను. మధ్యాహ్నం ఎండ లేకపోయినా, సాయంత్రం గాలి పడిపోయినా, నీళ్ళు ముదురాకుపచ్చ తిరిగినా పడుకోరట. దాన్ని నాలుగు ఇఫ్‌లుగా రాసి, ప్రతి చెరువు దగ్గరా రైతు జ్ఞాపకాన్నీ డీజిలు బిల్లుల్నీ బట్టి ఇంజను వేసిన రాత్రుల జాబితా తయారుచేసి, రెండిటినీ పోల్చాను. ప్రమాదపు రాత్రుల్లో నా మోడల్ సగం కూడా పట్టుకోలేదు. నాన్న ఇఫ్‌లు చాలావరకు పట్టుకున్నాయి. తప్పుడు అలారాలు ఎక్కువే అనుకోండి, కానీ రైతుకి ఒక రాత్రి నిద్ర పోవడం వేరు, చెరువు పోవడం వేరు.

ఇక అసలు చిక్కు. గైడు మా మేనేజరే. ఆ సెన్సర్లు అమ్మితేనే ఆయన టీముకి డబ్బులు. డ్రాఫ్టు పంపిన మర్నాడు ఫోను చేసి "ఇది థీసిసా, బగ్ రిపోర్టా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ పోలిక చాప్టరు తీసేసి, ఆఖర్లో ఫ్యూచర్ వర్క్‌లో రెండు ముక్కలు రాయమన్నారు. మంచివాడే, నా ఫీజులో కొంత కంపెనీ చేత కట్టించింది కూడా ఆయనే. అందుకే కాదనడం ఇంకా కష్టమయ్యింది.

అప్పుడే ఫిన్లాండులో ఉన్న నా పాత కొలీగ్ గుర్తొచ్చాడు. అక్కడ అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో మాస్టర్స్ చెయ్యాలంటే ముందు రెండేళ్ళ ఉద్యోగానుభవం ఉండాలి, థీసిస్ కూడా మనలాగే ఆఫీసు సమస్య మీదే. కానీ అక్కడ థీసిస్ పబ్లిక్ డాక్యుమెంటు. కంపెనీ రహస్యాలుంటే వేరే కాగితాల్లో పెట్టుకోవాలి గానీ, థీసిస్ మాత్రం ఎవరైనా చదవగలగాలి. థెసెయుస్ అనే సైట్లో వాళ్ళవి వేలకి వేలు ఉన్నాయి. మాదేమో కంపెనీ అనుమతి లేకుండా ఇంట్లో కూడా చూపించకూడదు. గైడూ, ఎగ్జామినర్లూ, నేనూ తప్ప ఎవరూ చదవని పుస్తకంలో నిజం రాయడానికి ఇంత తర్జనభర్జనా అని నవ్వొచ్చింది.

చాప్టరు ఉంచాను. టేబుల్ ఉంచాను. ఒక్క వాక్యం మార్చాను. "ఈ మోడల్‌ని నమ్మి రైతు పడుకోకూడదు" అన్న అర్థం వచ్చేది తీసేసి "మరింత మెరుగుపరచవలసి ఉంది" అన్న అర్థం వచ్చేది పెట్టాను. మేనేజర్ గారు రెండ్రోజులు పలకలేదు, మూడోరోజు సంతకం చేసి పంపారు. ఆ వాక్యం మార్చినందుకే చేశారో, మార్చకపోయినా చేసేవారో నేనడగలేదు.

డిసెంబరులో ఆన్‌లైన్ వైవా. ఎగ్జామినర్ ఆ టేబుల్ దగ్గరే ఆగి పదినిమిషాలు అడిగారు. "ఈ రెండో పద్ధతి ఎవరిది, రిఫరెన్స్ ఇవ్వలేదేం?" అన్నారు. మా నాన్నగారిదండీ అన్నాను. ఓ క్షణం ఆగి, అలాగే రాయమన్నారు. ఇప్పుడు నా థీసిస్‌లో ఆ చాప్టరు కింద, కైకలూరు ప్రాంతపు రైతుతో సంభాషణ, 2021 అని ఉంటుంది. ఆయనకి చూపించడానికే వీల్లేదు.

తర్వాతి వెర్షన్లో పెట్టెకి బ్యాటరీ వచ్చింది. రీడింగు అరగంట రాకపోతే ఫోను మోగుతుంది. అది నేనే రాశాను, ఇరవై లైన్లుండవు. బాబాయి ఇంకా వాడుతున్నారు. మబ్బు పట్టిన రాత్రి మాత్రం ఫోను జేబులో పెట్టుకుని, నాన్నతోపాటు గట్టు మీదకి వెళ్తున్నారట.