ఎత్తేది మేమే కదా

వెనక టైరు అరిగిపోయిందని నాకు తెలుసు. తెలిసే మూడు నెలలు నడిపాను. జూన్‌లో మొదటి వాన పడిన రోజు, కాలేజీ నుంచి వస్తుంటే మలుపులో బండి నా కింది నుంచి జారిపోయింది. ఏడెనిమిది నెలల దుమ్ము మీద నాలుగు చినుకులు పడితే మా అనంతపురం రోడ్లు నూనె పోసినట్టే ఉంటాయి. మోచేయి గీరుకుపోయింది. సంచిలోని ఇంటర్నల్ పరీక్ష పేపర్లు రోడ్డంతా పరుచుకున్నాయి. చెనిక్కాయ చేనుకు పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు దోపుకుని ఆ పేపర్లన్నీ ఏరిచ్చారు. ఒకామె బురద తుడుస్తూ, "మార్కులేసేటప్పుడు ఈ మట్టి సూసి తగ్గించొద్దు మ్మా, ఆ పిల్లోల్ల తప్పు కాదిది" అంది. అమ్మకు మాత్రం మెట్లమీద జారానని చెప్పాను. ఈ వ్యాసం అమ్మ చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.

నాది అవెంజర్ బండి. సెకండ్ హ్యాండ్‌ది. పొట్టిదాన్ని, రెండు కాళ్ళూ నేలకు ఆనే పెద్ద బండి నాకు అదొక్కటే దొరికింది. సాహిత్యంలో డాక్టరేట్ తీసుకుని గంటల లెక్కన పాఠాలు చెప్పే నాలాంటి వాళ్ళకు బండి సరదా కాదు. ఉదయం కాలేజీ, మధ్యాహ్నం పల్లెలు, పల్లెల్లో ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసుకోవడం, రాత్రికి ఇల్లు. ఆ నాలుగు నెలల జీతం ఇంకా రాలేదు. కొత్త టైరు మూడు వేల పైచిలుకు. అందుకే అరిగిన టైరు మీద తిరిగాను. ఇందులో సాహసమేమీ లేదు.

నా బండి చూసే మెకానిక్ కుర్రవాడు టైరును తిప్పి తిప్పి చూసి, "అక్కా, ఒక మాట చెప్తా, నవ్వద్దు. పాత అంబాసిడర్ టైరు యాడన్నా దొరికితే పట్టుకురా. దాని రిమ్మూ పదైదు ఇంచులే, నీ బండి యెనక రిమ్మూ పదైదే. ఏసిస్తా. ఇంగ నువ్వు రిటైరయ్యేదాకా టైరు మాట ఎత్తే పన్ల్యా" అన్నాడు.

"గంటల లెక్క జీతమోళ్ళకు రిటైర్మెంటు ఉండదు తమ్ముడూ" అన్నాను.

"అమెరికాలో ఏసుకుంటారంటక్కా. వీడియో సూసినా."

పరిశోధకురాలి పాడు అలవాటు ఒకటుంది కదా, ఎవరేం చెప్పినా వెతకడం. వెతికితే అతను చెప్పింది నిజమే. హోండా వాళ్ళ గోల్డ్ వింగ్ అనే భారీ టూరింగ్ బండి 1975 నుంచీ అమ్ముడవుతోంది. దానిమీద వేల మైళ్ళు తిరిగేవాళ్ళలో కొందరు వెనక చక్రానికి కారు టైరు వేయించుకుంటారు. తిన్నటి హైవేల మీద మోటారుసైకిలు టైరు మధ్యలో త్వరగా అరిగి చదునైపోతుంది. కారు టైరు దానికి రెండింతలో ఇంకా ఎక్కువో మన్నుతుంది, ధరా తక్కువే. అలా వేయించుకున్న వాళ్ళు 'డార్క్ సైడ్'కి వెళ్ళామని తమను తాము వెక్కిరించుకుంటారు, కొంచెం గర్వంగానే. టైరు కంపెనీలు, బండి కంపెనీలు మాత్రం వద్దంటాయి. కారణాలూ తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. మోటారుసైకిలు మలుపులో వాలుతుంది. వాలడానికి వీలుగా దాని టైరు గుండ్రంగా ఉంటుంది, ఎంత వాలినా నేలను ఆనుకునే మేర పెద్దగా మారదు. కారు నిటారుగా తిరుగుతుంది, దాని టైరు బల్లపరుపుగా ఉంటుంది. అలాంటి టైరు మీద బండిని వాల్చితే ఒక అంచుమీదికి ఎక్కుతుంది, మలుపంతా హ్యాండిల్‌ని తోసి పట్టుకునే ఉండాలి. పైగా రెండు రకాల రిమ్ములకూ టైరు అంచు కూర్చునే గాడి ఒకేలా ఉండదు. అంగుళాల లెక్క ఒకటే అయినంత మాత్రాన అంచు సరిగ్గా కూర్చుంటుందని కాదు. గాలి ఎక్కువ కొట్టి కూర్చోబెట్టాలి, కూర్చున్నదని నమ్మాలి.

ఇక్కడ ఒక పోలిక నా నోటి చివరిదాకా వచ్చింది. మన రిమ్ము, వాళ్ళ టైరు, పాశ్చాత్య సిద్ధాంతం... మీకూ వచ్చే ఉంటుంది. కాసేపు ఆపుతాను. ముందు టైరు సంగతి.

అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. పాత సామాన్ల కొట్లలో అడగొచ్చు. కానీ నాకు కళ్ళముందు కదిలింది అవ్వోళ్ళ పెరడు. కళ్యాణదుర్గం వైపు పల్లె. ఆ ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. పెరట్లో చింతచెట్టు మొదట్లో అది అలాగే పడి ఉంది, సగం మట్టిలో. కోళ్ళకు నీళ్ళు పోసే తొట్టి అవ్వ అందులో కుదురుగా పెట్టుకుంది. పక్కన మట్టి గీకి చూస్తే అక్షరాలు కనబడ్డాయి. 5.90-15. అంబాసిడర్‌దే. దాన్ని చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

అది జేజినాయన ఎద్దులబండి టైరు. అంతకుముందు మాకు కొయ్యచక్రాల బండి ఉండేదట. వడ్రంగి ఆకులు బిగించి చక్రం కూరిస్తే, కమ్మరి ఇనుప పట్టాను మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్ళు పోసి బిగించేవాడు. తరవాత ఎక్కడో పాత కారు ఇరుసు, రిమ్ములు, టైర్లు కొనుక్కొచ్చి జేజినాయన టైరు బండి చేయించాడు. చప్పుడు పోయింది. ఎద్దులకు లాగడం సులువైంది. ఊళ్ళో మొదటి టైరు బండి మాదేనని మామలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2002 కరువులో ఎద్దులను సంతకు తోలాక, బండి ముక్కలు ముక్కలుగా అమ్ముడైపోయింది. నాకప్పుడు పదమూడేళ్ళు. ఎద్దులు పోయిన రోజు జేజినాయన అన్నం తినలేదు. అవ్వ తిన్నదో లేదో నాకు గుర్తు లేదు. ఎవరూ చూసి ఉండరు.

ఆ టైరు బండి గురించి నా పిహెచ్‌డి రోజుల్లో అవ్వను అడిగాను. నా థీసిస్ ఈ జిల్లా ఆడవాళ్ళు చెప్పుకునే కరువు కథనాల మీద. టేపులో అవ్వ గొంతు ఇప్పటికీ ఉంది:

"బండి నున్నగా పోతాదని బరువు పెంచినారు మ్మా. ముందు పది మూటలు ఏసేటోళ్ళు, టైర్లొచ్చినాక పదైదు. ఎద్దులకేం, సులువే. ఎత్తేది మేమే కదా."

చెనిక్కాయ మూటలు ఎత్తి బండికి అందించే పని ఆడవాళ్ళది. పైన నిలబడి సర్దే పని మగవాళ్ళది. చక్రం తేలికైన కొద్దీ నడుముల మీద బరువు పెరిగింది. ఈ ముక్క నా థీసిస్‌లో ఎక్కడుందో తెలుసా? ఒక అధస్సూచికలో. "రవాణా సాధనాల్లో మార్పుల గురించి కూడా కథకురాలు ప్రస్తావించింది" అని ఒక వాక్యం. అంతే. ఎందుకంటే ఆ అధ్యాయానికి నేను ఎంచుకున్న చట్రం స్మృతి, విషాదం, మౌనం అనే మాటలతో కట్టింది. అవ్వ ఆ మాట అన్నప్పుడు మౌనంగా లేదు. విషాదంగా అసలే లేదు. నవ్వుతూ అంది. నా చట్రంలో ఆ నవ్వు కూర్చోలేదు. దాంతో పక్కన పెట్టాను.

తరవాత్తరవాత పించ్, బైకర్ 1984లో రాసిన వ్యాసం చదివాను. సైకిలు ఎలా ఇప్పటి రూపానికి వచ్చిందన్నది వాళ్ళ ఉదాహరణల్లో ఒకటి. బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు 1888లో తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి గాలి టైరు చేశాడు. అంతకు నలభై ఏళ్ళ ముందే థామ్సన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నా అది వాడుకలోకి రాలేదు. కుదుపే సమస్య కాదనుకున్న పందేలవాళ్ళు మొదట గాలి టైరును చూసి నవ్వారు. పందేల్లో అది గెలిచాక వాళ్ళకది వేగాన్నిచ్చే వస్తువైంది. టైరు అదే. ఎవరి సమస్యకు అది జవాబు అన్నది మారుతూ వచ్చింది. చదువుతుంటే అవ్వ మాట గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. ఎత్తేవాళ్ళను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ వ్యాసం ఇంకో పది పేజీలు పెరిగేది. ఆ పది పేజీలు రాయాల్సింది నేనే. టేపు నా దగ్గరే ఉంది మరి.

అయితే ఇతరులకోసం చేసినది మనకు పనికిరాదని నేననడం లేదు. ఆపిన పోలికను ఇక్కడ విడిచిపెడుతున్నాను, అది అంత నిజం కాదు గనక. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అరివొళి అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలలేదు. అప్పుడు మగవాళ్ళ సైకిళ్ళే తీసుకున్నారు, కొందరు కావాలనే అవి అడిగారు. సీటు నుంచి హ్యాండిల్ దాకా అడ్డంగా ఉండే కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని. పి. సాయినాథ్ 1996 నాటి పుస్తకంలో దీన్ని రాశారు. వాళ్ళు అడ్డుకడ్డీకి కొత్త పని కనిపెట్టారు. గోల్డ్ వింగ్ వాళ్ళు కారు టైరు వేస్తే అది వాళ్ళ ఇష్టం, వాళ్ళ జూదం. నేను వేస్తే? జీతం రాక వేస్తాను. పైకి చూస్తే రెండూ ఒకటే పని. నాకు ఈ రెండింటి మధ్య తేడా చెప్పగల సిద్ధాంతం కావాలి. అది ఏ దేశం నుంచి వచ్చినా సరే.

టైరును గోనెపట్టాలో చుట్టి బస్సు మీద వేయించి తెచ్చాను. కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు. మెకానిక్ కుర్రవాడు బొటనవేలితో అంచు నొక్కి చూశాడు. రబ్బరు బీళ్ళు వారింది, మా చేన్ల మాదిరే. ఒక పగులులో అతని గోరు సగం దిగింది.

"అక్కా, ఇది బండికి కాదు, చెప్పులక్కూడా పనికిరాదు. ఎన్నేండ్లదిది?"

"ఎద్దులు పోయినప్పటిది."

అతనికి అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు. మంచి టైరైనా వేయించేదాన్ని కాదని ఇప్పుడు అనుకుంటున్నాను గానీ, ఆ నిమిషంలో మాత్రం దిగులే వేసింది. పడి లేచిన మనిషి బుద్ధిగా ఆలోచిస్తుందని ఎవరన్నారో! మనూళ్ళో పెనుకొండ దగ్గర 2019 నుంచీ కార్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. కొత్త కార్లను అంతస్తులుగా పేర్చుకున్న లారీలు హైవే మీద నన్ను దాటి పోతుంటాయి. (జిల్లా విడిపోయాక 2022 నుంచీ అది శ్రీ సత్యసాయి జిల్లా. మాకిప్పటికీ మనూరే.) ఒక్కో కారుకు నాలుగు కొత్త టైర్లు, వెనక ఇంకోటి. లెక్కపెట్టుకుంటూ నడిపిన రోజులున్నాయి.

చెల్లెలి దగ్గర డబ్బు తీసుకుని మోటారుసైకిలు టైరే వేయించాను. కొత్త టైరు మీద మొదటి కొన్ని మైళ్ళు నెమ్మదిగా పోవాలట, పైన జారుడుగా ఉండే పొర పోయేదాకా. అలాగే పోయాను. పేపర్లు ఏరిచ్చిన మలుపు దగ్గర ఆగి చూస్తే చేలో ఎవరూ లేరు. కలుపు అయిపోయినట్టుంది.

రాత్రి అవ్వ ఫోన్ చేసింది. "టైరు పనికొచ్చెనా మ్మా?"

"ల్యా అవ్వా. పగిలిపోయింది."

"అయితే మళ్ళా తెచ్చియ్యి. ఎత్తుకపోయినావు గానీ, ఆ నీళ్ళ తొట్టి నిలబడ్డంల్యా. కోళ్ళు ఒంచేస్తాండాయి."

శనివారం తీసుకెళ్తాను. ఈసారి టేపు రికార్డరు కూడా.