తోలువాద్యానికి తీగలెవరు కట్టిండ్రు?

తిరుమలగిరిలో పుట్టినోళ్లకు డ్రమ్ము చప్పుడు కొత్త కాదు. ఇది సికింద్రాబాద్ కంటోన్మెంట్. 1806లో సికిందర్ జా పేరు పెట్టుకున్న దండు జాగా. పొట్టకు డ్రమ్ము కట్టుకొని కవాతులో నడిచే సిపాయిని చూసి మా వాడ పిల్లలమంతా చప్పట్లు కొట్టేవాళ్లం. మా నాయిన డప్పు భుజానేసుకొని పెండ్లికి పోతే మాత్రం పందిరి బయటే నిలబెట్టేవాళ్లు. మోగినంతసేపు కావాలె, మోగడం ఆగినంక మైల.

బాప్తిస్మం తీసుకుంటే ఆ బాధ తప్పుతదనుకున్నడు నాయిన. సంఘపెద్దలు మొట్టమొదట అడిగింది డప్పు వదిలెయ్యమని. పోచమ్మ ముందర, పీనుగ ముందర మోగింది దేవుని మందిరంలకు రావద్దన్నరు. హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది. "తబలాకున్నది తోలు కాదా అయ్యగారూ?" అని మా అవ్వ అడిగింది. జవాబు రాలేదు. డప్పు గోడకెక్కింది. కాక చూపించేవాళ్లు లేక తోలు వదులైంది.

క్రిస్మస్ దినాల్లో చర్చి ఆవరణలో తెల్లగుడ్డ కట్టి 'టెన్ కమాండ్‌మెంట్స్' వేసేవాళ్లు. సెసిల్ బి. డిమిల్ 1956లో తీసిన సినిమా, మూడు గంటల నలభై నిమిషాలు. ఇంగ్లీషు మాటలు మాకెవరికీ అర్థం కాకపోయేది. వెట్టిచాకిరి అర్థమయ్యేది, కొరడా అర్థమయ్యేది. బానిసలు ఐగుప్తు విడిచి బయల్దేరినప్పుడు ఊదే వంకర కొమ్ములు అర్థమయ్యేవి. బంగారు దూడ చుట్టూ జనం వాద్యాలతో ఎగిరే ఘట్టం రాంగనే ఒక పెద్దమనిషి మా నాయిన దిక్కు తిరిగి, "చూసినవా, అసొంటి చప్పుడున్నకాడ దేవుడుండడు" అన్నడు. నాయిన తల వంచుకున్నడు.

నేను మా ఇంట్లో మొదటి డిగ్రీదాన్ని. బి.ఎడ్. చదివేటప్పుడు ఒక బైబిలు నిఘంటువు చేతికొచ్చింది. నిర్గమకాండము 15వ అధ్యాయం 20వ వచనంలో, సముద్రం దాటినంక మోషే అక్క మిర్యాము ఒక వాద్యం చేతపట్టుకుంటది. ఆడవాళ్లంతా అదే వాద్యంతో ఆడుకుంట ఆమె వెంట పోతరు. మన తెలుగు బైబిల్లో దాని పేరు తంబుర. తంబుర అంటే నాకు తెలిసింది తీగలు మీటేది. హెబ్రీలో ఆ మాట 'తోఫ్'. కర్ర చట్రానికి తోలు బిగించి కొట్టేది. ఆ దేశపు తవ్వకాల్లో గుండ్రటి తోలువాద్యం పట్టుకున్న ఆడవాళ్ల మట్టిబొమ్మలు కూడా దొరికినయి.

తోఫ్‌ను చేత్తో కొడతరు. డప్పును సిర్రతోటి, సిటికెనపుల్లతోటి కొడతరు. తేడా ఉన్నది. అయినా చట్రం కర్రదే, మూత తోలుదే. మా తాత చింతగింజల జిగురుతో మేకతోలు అంటించి, మంట దగ్గర కాచి బిగువు తెచ్చేవాడు. తంబురకంటే తోఫ్‌కు దగ్గరి చుట్టం డప్పే.

ఇంకో సంగతి చూడండి. యెహోషువ గ్రంథంలో యెరికో గోడల చుట్టూ ఊదినవాటిని మన బైబిలు పొట్టేలుకొమ్ము బూరలనే రాసింది. పొట్టేలు కొమ్ముకు చోటు దొరికింది. తోలుకు దొరకలేదు. ఎందుకని? కొమ్ము ఎవరైనా ఊదుతరు. తోలు ఎవరు ముట్టుకుంటరో అందరికీ తెలుసు.

1994లో మాదిగ దండోరా డప్పును జెండాలెక్క ఎత్తింది. మా పక్కనే అల్వాల్‌లో ఉండి 2023 ఆగస్టు 6న కన్నుమూసిన గద్దర్ సభల్లో డప్పు మోగితే జనం లేచి నిలబడ్డరు. ఆ చప్పుడు చర్చి గేటు కాడ, బడి గేటు కాడ ఇంకా ఆగుతనే ఉన్నది. మా బడి వార్షికోత్సవానికి ఆడపిల్లల చేత డప్పు నేర్పిస్తుంటే తోటి టీచరొకామె, "చావు డప్పు బడిల ఎందుకు మేడం? అదీ ఆడపిల్లలకు?" అన్నది. మిర్యాము కథ చెప్పిన. ఆమె నమ్మలేదు. పిల్లలు నమ్మిండ్రు. డప్పు మోగింది.

నాయిన ఇప్పుడు లేడు. తల వంచుకున్ననాడు ఈ సంగతి ఆయనకు చెప్పేవాళ్లు లేకపోయిరి. చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెండ్లూ, మీ ఇండ్లల్ల వాద్యం దించుకొని తల వంచుకున్న పెద్దలు ఇంకా ఉంటే, వాళ్లు బతికుండంగనే పోయి చెప్పండి: విడుదలైన నాడు ఆ ఆడవాళ్ల చేతుల్ల మోగింది తోలేనని.