పల్లేరుకాయల దారిలో గండికోటకు

కర్నూలు నుంచి గండికోటకు సైకిళ్ల మీద పోదామనుకోగానే మా ఇద్దరికీ టైర్ల దగ్గరే పేచీ వచ్చింది. మిత్రుడిది సన్న టైరు పక్షం. 28 మిల్లీమీటర్ల వెడల్పు, తేలిక, తారురోడ్డు మీద దూసుకుపోతుంది. నేను 40 మిల్లీమీటర్లవి వేయించాను. పాణ్యం దాకా జాతీయ రహదారే కానీ, బనగానపల్లె వైపు తిరిగాక నాపరాళ్ల లారీలు నలిపేసిన దారులు, నల్లరేగడి చేలు, గట్ల నిండా పల్లేరు.

పైగా సామాను. గుడారం, బట్టలు, నీళ్లు అన్నీ వెనక క్యారియర్‌కే కడతాం కాబట్టి సగానికి పైగా బరువు వెనక చక్రానిదే. సన్న టైరు ఆ బరువు మోయాలంటే గాలి 90 పీఎస్ఐ దాకా బిగించాలి. అప్పుడు ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. నా వెనక టైరుకు 50 సరిపోయింది.

ఓర్వకల్లు రాళ్లు దాటి పాణ్యం వరకు మిత్రుడే ముందు. బనగానపల్లె దాటి యాగంటి దారిలో శనగచేల పక్కన కాసేపు ఆగి, సైకిళ్లు గట్టు వెంట నడిపించాం. రోడ్డెక్కి చూస్తే నాలుగు చక్రాలకూ పల్లేరుకాయలు. ఎండిన పల్లేరుకాయ ముక్కలుగా విడిపోతుంది. ఏ ముక్క ఎటు పడినా ఒక ముల్లు పైకే నిలుస్తుంది. నా టైర్లలో నేలకు తగిలే భాగం కింద మందపాటి రబ్బరు పొర ఉంది. ముళ్లు అందులోనే ఆగిపోయాయి. ఆ పొర వల్ల టైరు ఒక్కోటి కిలోకు దగ్గర తూగుతుంది. మిత్రుడి ముందు చక్రం మాత్రం బుస్సుమంది. ట్యూబు మార్చేముందు గుడ్డముక్కతో టైరు లోపల చుట్టూ తుడిచాం. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు మొన. అది తీయకుండా కొత్త ట్యూబు ఎక్కిస్తే మళ్లీ పంక్చరే.

యాగంటి ఉమామహేశ్వరుణ్ణి చూసుకుని, అవుకు మీదుగా కొలిమిగుండ్ల చేరబోతుంటే నాపరాయి పెచ్చు ఒకటి మిత్రుడి వెనక టైరు పక్కగోడను చీల్చింది. ఊళ్లో పంక్చర్ షాపు పెద్దాయన మా మూటలను ఎగాదిగా చూశాడు.

"యాడికి నాయనా?"

"గండికోటకు పెద్దాయనా. టైరు దొరుకుతుందా?"

"28 ఒకటిన్నర ఉండాది. మీ రిమ్ముకు కూచోదు."

ఆయన మాటే నిజం. పాలవాళ్లు తొక్కే పాత సైకిల్ టైరు పక్కన అంగుళాల్లో 28, ఒకటిన్నర అని భిన్నంలో ఉంటుంది. నా టైరు మీద 28, 1.50 అని దశాంశంలో ఉంది. చదివితే రెండూ ఒకటే. వాటి పక్కనే చిన్నగా ఉన్న అంకెల్లో మాత్రం పాతదానికి 40-635, నాదానికి 40-622. మొదటిది వెడల్పు, రెండోది టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. ఆ 13 మిల్లీమీటర్ల తేడా వల్ల ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. మిత్రుడి రిమ్మూ నా కొలతదే.

పెద్దాయన పాత టైరు ముక్క కోసి, అంచులు గీకి, చీలిక లోపల అతికించాడు. మిత్రుడి ట్యూబుది సన్న వాల్వు, షాపు పైపు దానికి పట్టలేదు. చిన్న ఇత్తడి అడాప్టర్ సంచిలో ఉండబట్టి గాలి ఎక్కింది. నావి మోటారుసైకిల్ వాల్వులే. ఏ ఊళ్లోనైనా గాలి పడుతుంది.

ఆ అతుకుతోనే బెలుం గుహలు చూసి, జమ్మలమడుగు దాటి, ఎర్రమల కొండెక్కి పెన్నా లోయ అంచున ఉన్న గండికోటకు చేరాం.

ఇలాంటి దారికి నా ఓటు వెడల్పు టైరుకూ, మందపాటి పొరకూ, మోటారుసైకిల్ వాల్వుకూ. అయితే ఆ పొర పక్కగోడను కాయదు. కాబట్టి బయలుదేరేముందు టైరు మీది చిన్న అంకెలు చదివి రాసుకోండి. ఆ కొలత దారిలో దొరకదనుకుంటే, మడతపెట్టే టైరు ఒకటి సామాను అడుగున పెట్టుకోండి.